వాన పడుతుంటే ‘వచ్చేయండి’ అనకండి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మేము షార్జాలో అల్ మజాజ్ ప్రాంతంలో, ఒక పాత బిల్డింగు ఆరో అంతస్తులో ఉంటున్నాం. మావారు దుబాయ్‌లో ఒక కంపెనీలో లెక్కలు చూస్తారు. 2024 ఏప్రిల్ 16న వరద వచ్చినప్పుడు మా బాబుకి ఐదేళ్లు. ఆ రోజు బడులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. మావారి ఆఫీసులో మాత్రం రావాల్సిందే అన్నారు, ఆయన వెళ్లారు. మధ్యాహ్నానికి చీకటి పడిపోయింది. నాకు భయం వేసి ఆయనకు పదకొండు సార్లు ఫోను చేసి ‘వచ్చేయండి, వచ్చేయండి’ అన్నాను. ఆయన బయల్దేరారు. సాయంత్రం ఏడింటికి చివరిసారి మాట్లాడారు, తర్వాత ఫోను పలకలేదు. కారు నీళ్లలో ఆగిపోతే వదిలేసి, రాత్రంతా ఒక పెట్రోలు బంకులో కూర్చుని, తెల్లారాక నడుము లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకు తలుపు దగ్గర కూలబడ్డారు. మూడు రోజులు మాకు కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు. కారు పోయింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కాబట్టి ఒక్క దిర్హం కూడా రాలేదు.

ఆ రాత్రి గురించి అంతకుమించి ఆయన ఇంతవరకూ ఒక్క మాట చెప్పలేదు. అడిగితే, ‘75 ఏళ్లకు ఒకసారి వచ్చేది వచ్చిపోయింది, ఇక మన జన్మలో రాదు, అదీ ఇక్కడి ప్రభుత్వం వాన కోసం విమానాలతో మేఘాలను కెలికి తెచ్చుకున్నది’ అని కొట్టిపారేస్తారు. నాకు మాత్రం మబ్బు పడితే నిద్ర పట్టదు. మొన్న చలికాలంలో చిన్న వానకే రాత్రంతా కిటికీ దగ్గర నిలబడ్డాను. బాబు ఇంకా విచిత్రం. మబ్బు కనిపిస్తే చాలు, మంచం మీద కుర్చీ వేసుకుని బొమ్మలన్నీ బీరువా పైకి ఎక్కిస్తాడు. వచ్చే నెల ఇంటి లీజు మళ్లీ రాయించుకోవాలి. బాబుని తీసుకుని ఇండియా వెళ్లిపోతానని అంటే నన్ను పిరికిదాన్ని అంటున్నారు. మా ఇద్దరిలో ఎవరిది తప్పు? 
— షార్జా నుంచి ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరంలో వరద కంటే ముందు నా కంట పడింది ‘పదకొండు సార్లు’ అన్న మాట. ఫోను ఎన్నిసార్లు చేశామో మామూలుగా ఎవరూ లెక్కపెట్టరు. మీరు లెక్కపెట్టారు, ఇన్నాళ్లూ ఆ అంకెను మోస్తున్నారు. ఇండియా వెళ్లడం, లీజు, పిరికితనం అన్నీ దాని వెనకాల వచ్చినవేనని నా అనుమానం. అందుకే మీ ప్రశ్నలను మీరు రాసిన వరుసలో కాకుండా నాకు తోచిన వరుసలో తీసుకుంటాను.

ముందు నా సంగతి చెప్పాలి. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. దుబాయ్‌లో అల్ ఖుసైస్‌లో, నాలుగో అంతస్తులో. మధ్యాహ్నం ఆకాశం ఆకుపచ్చగా మారింది. పసుపు నీళ్లలో నీలిమందు కలిపితే వచ్చే రంగు ఉంటుందే, అచ్చం అలా. ఎడారి ఇళ్ల కిటికీలను దుమ్ము ఆపడానికి కడతారు కానీ వాన ఆపడానికి కట్టరు. పక్కకు జరిపే అద్దాల కింద ఉండే సన్నటి గాడి నిండి, నీళ్లు కాలువలా గదిలోకి పొంగాయి. ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ ఆ గాడిలో కుక్కి, తడిసినదాన్ని బకెట్లో పిండి మళ్లీ కుక్కుతూ సాయంత్రం దాకా గడిపాను. ఒక చేత్తో తువ్వాలు, ఇంకో చేత్తో ఫోను. అల్ బర్షాలో పనిచేసే మా అమ్మాయికి నేనూ చెప్పింది మీరు చెప్పిందే: ‘త్వరగా వచ్చేయ్.’ అది నా మాట విని బయల్దేరి, రైళ్లు ఆగిపోయి, ఒక మెట్రో స్టేషను మెట్ల మీద ముక్కూమొహం తెలియని జనం మధ్య రాత్రి గడిపింది. ఆఫీసులోనే ఉండి ఉంటే సోఫా ఉండేది, బాత్‌రూమ్ ఉండేది, ఫోనుకి ఛార్జింగ్ ఉండేది. కాబట్టి మీకు చెప్పేది పైనుంచి చెబుతున్నది కాదు. మీరు చేసిన పొరపాటే నేనూ చేశాను. నేను ఎన్నిసార్లు ఫోను చేశానో లెక్కపెట్టకపోవడం నా అదృష్టం.

భయం వేస్తే మన వాళ్లందరినీ ఒక గూటి కిందికి చేర్చుకోవాలనిపిస్తుంది. నిప్పుకైనా, దొంగలకైనా, జబ్బుకైనా ఆ బుద్ధి పనికొస్తుంది. వరదకు మాత్రం తిరగబడుతుంది. ఎందుకంటే వరదలో ప్రాణాలు ఎక్కువగా పోయేది ఇంట్లోనూ ఆఫీసులోనూ కాదు, ఆ రెండింటి మధ్య దారిలో. ఆ ఏప్రిల్‌లో యూఏఈలో చనిపోయినవారిలో వాహనాల్లో చిక్కుకుపోయినవారు ఉన్నారు. అంతకు రెండు రోజుల ముందు ఒమన్‌లో వరద నీళ్లు బడిపిల్లల వాహనాన్ని ఈడ్చుకుపోయాయి. అడుగు లోతు పారే నీళ్లు చాలు, చిన్నకారు చక్రాలు నేల వదిలేస్తాయి. రెండడుగులైతే పెద్ద బళ్లు కూడా పడవలైపోతాయి, చుక్కాని లేని పడవలు. పైగా నీళ్లు నల్లగా ఉంటే రోడ్డు ఎక్కడ దిగిందో, ఎక్కడ మ్యాన్‌హోలు మూత లేచిందో కారు నడిపేవాడికి కనిపించదు.

అక్కడి ప్రభుత్వానికి ఈ సంగతి ఎంత బాగా తెలుసో జరిమానాలు చూస్తే అర్థమవుతుంది. 2023లోనే నిబంధన పెట్టారు. వాన పడుతున్నప్పుడు వాదీల (వానకు మాత్రమే పారే ఎండు వాగుల) దగ్గర, నీళ్లు నిండిన చోట్ల, డ్యాముల దగ్గర గుమిగూడితే 1,000 దిర్హములు, లైసెన్సు మీద 6 బ్లాక్ పాయింట్లు (తప్పుల లెక్క). పొంగుతున్న వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హములు, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి జప్తు. ఏడాదిలో 24 పాయింట్లు చేరితే లైసెన్సు కొన్నాళ్లు ఆపేస్తారని మీవారికి తెలిసే ఉంటుంది. అంటే ఇంకొక్క మెట్టు మాత్రమే మిగిల్చి వదులుతారన్నమాట. అల్ మజాజ్ వీధి వాదీ కాదు, నిజమే. నీళ్లకు ఆ తేడా తెలియదు.

అందుకని మీ ఇంట్లో పెట్టుకోవలసిన ఒప్పందం ఒక్కటే: వాన మొదలైతే ఎక్కడున్నవాళ్లు అక్కడే. మీవారు ఆఫీసులో ఉంటే ఆఫీసులోనే, మీరు బాబుతో బజారులో ఉంటే ఆ మాల్ లోపలే, బాబు బడిలో ఉంటే టీచర్ల దగ్గరే. వినడానికి ఇది తేలిక. ఆచరణలో ఎంత కష్టమో నాకు తెలుసు. బాబు బడిలో ఉన్నాడనుకోండి, మీ కాళ్లు ఆగవు. అందుకే మబ్బు లేని రోజున, ఇద్దరూ కడుపునిండా తిని కూర్చున్నప్పుడు ఈ మాట అనుకోవాలి. ఆ రోజు వచ్చాక తర్కం పనిచేయదు, ముందే ఇచ్చుకున్న మాట ఒక్కటే పనిచేస్తుంది. ‘నేను రాలేదంటే మీ మీద ప్రేమ లేక కాదు, అనుకున్నాం కాబట్టి’ అన్న ధైర్యం ఇద్దరికీ ఉంటుంది.

ఇక ఫోను. ఆ రాత్రి మిమ్మల్ని చంపింది నీళ్లు కాదు, పలకని ఫోను. దానికి మందు ఉంది. ముందుగా మాట్లాడటం మానేయాలి. పదకొండు ఫోన్లు ఆయన బ్యాటరీని తాగేశాయని చెబితే మీకు బాధ కలుగుతుందని తెలిసే చెబుతున్నాను. మళ్లీ ఆ పని చేయకూడదు కదా. ఒకే ఒక మెసేజి: ఎక్కడున్నాను, ఎవరితో ఉన్నాను, బ్యాటరీ ఎంతుంది, మళ్లీ ఎన్ని గంటలకు ఫోను తెరుస్తాను. అంతే, ఫోను ఆపేయాలి. సిగ్నల్ బాగా లేనప్పుడు కూడా మెసేజి ఎలాగోలా దాటిపోతుంది, కాల్ దాటదు. రెండోది, వరద లేని ఊళ్లో ఒక మనిషిని మధ్యవర్తిగా పెట్టుకోండి. ఇండియాలో మీ అన్నయ్యో, ఆడపడుచో ఎవరైనా సరే, రాత్రి ఫోను ఎత్తే మనిషి అయి ఉండాలి. మీరిద్దరూ ఒకరినొకరు వెతుక్కోకుండా ఆ ఒక్కరికి కబురు పెడితే చాలు. ఆ నంబరు కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోండి. ఫోను చచ్చిపోతే మనకు మన అమ్మ నంబరు కూడా గుర్తుండదు. దాని కిందే యూఏఈ అత్యవసర నంబర్లు కూడా రాయండి: పోలీసులకు 999, అంబులెన్సుకు 998, మంటలార్పే సివిల్ డిఫెన్సుకు 997.

మీవారి ఆఫీసు సొరుగులో ఒక పవర్ బ్యాంకు, జత బట్టలు, రెండు రోజుల మందులు ఉండాలి. ఇక ఆ ఆఫీసు గురించి ఒక మాట. ఆ రోజు ప్రభుత్వోద్యోగులకు ఇంటి నుంచే పని ఇచ్చారు, ప్రైవేటు కంపెనీలకు అలా చేయమని సలహా మాత్రమే ఇచ్చారు. సలహా అన్నాక వినేవాళ్లూ ఉంటారు, విననివాళ్లూ ఉంటారు. ఈసారి వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ‘ఇవాళ ఇంటి నుంచి చేస్తాను’ అని ముందుగా మెయిల్ పెట్టమనండి. నోటిమాటగా అడిగితే ‘కుదరదు’ అనడం సులువు. రాతపూర్వకంగా అడిగినదానికి కుదరదని రాసి సంతకం పెట్టడానికి ఏ మేనేజరైనా ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

ఇప్పుడు 75 ఏళ్ల లెక్కకు వద్దాం. మీవారు లెక్కలు చూసే మనిషే కానీ ఈ లెక్క తప్పు చదివారు. యూఏఈలో వానను కొలిచి రాసిపెట్టడం 1949లో మొదలైంది. అప్పటినుంచి 2024 దాకా ఉన్న 75 ఏళ్ల పుస్తకంలో ఇంత వాన ఎప్పుడూ లేదని అధికారులు చెప్పారు. అది పుస్తకం వయసు. వరద మళ్లీ రావడానికి పెట్టిన గడువు కాదు. గవ్వలాటలో ఒకసారి పన్నెండు పడిందని, తర్వాతి పందెంలో పన్నెండు పడకుండా గవ్వలేమీ గుర్తుపెట్టుకోవు. దానికి తోడు గవ్వలే కొంచెం కొంచెంగా ఒకవైపు బరువెక్కుతున్నాయి. వరల్డ్ వెదర్ ఆట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం ఆ వానను పరిశీలించి, ఎల్ నినో ఏళ్లలో (పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కే ఏళ్లలో) ఆ ప్రాంతంలో కురిసే కుంభవృష్టి భూమి వేడెక్కకముందుతో పోలిస్తే 10 నుంచి 40 శాతం పెరిగిందని తేల్చింది.

మేఘాలను కెలికారన్న మాట కూడా వదిలేయమనండి. ఆ తుపాను సమయంలో క్లౌడ్ సీడింగ్ విమానాలేవీ, అంటే వాన కోసం మేఘాల్లో ఉప్పు రేణువులు చల్లేవి, ఎగరలేదని అక్కడి జాతీయ వాతావరణ కేంద్రం చెప్పింది. ఆ మాట నమ్మకపోయినా ఫరవాలేదు. అదే తుపాను అంతకుముందే ఒమన్‌ను ముంచింది, అది వస్తుందని రోజుల ముందే తెలుసు, అందుకే కదా మీ బాబు బడి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఉన్న మేఘం నుంచి నాలుగు చుక్కలు ఎక్కువ రాల్చడమే ఆ పద్ధతికి చేతనైన పని. సముద్రం మీదనుంచి వచ్చే అంతటి తేమను అది పుట్టించలేదు.

ఎంత వాన పడిందో ఊహకు అందాలంటే ఒక చిట్కా. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు కూడా గడవకముందే 254.8 మిల్లీమీటర్లు పడింది. అంటే చాప వేసుకుని కూర్చునేంత చోటులో 250 లీటర్ల పైన. దుబాయ్‌లో ఏడాది పొడవునా పడే వాన సగటు 100 మిల్లీమీటర్లకు లోపే. అటువంటి ఊళ్లో వీధివీధికీ వాననీటి కాలువలు తవ్వడం డబ్బు దండగ అని దశాబ్దాలపాటు అనుకున్నారు. అనుకోవడంలో తప్పూ లేదు. నేల బల్లపరుపు, మీ షార్జాలో భూగర్భజలం కూడా పైపైనే ఉంటుంది, మిగిలినదంతా కాంక్రీటు. నీళ్లకు పల్లం తెలుసంటారు, ఆ ఊళ్లో పల్లమే లేదు పాపం. అందుకే వారం దాటినా మీ వీధుల్లో నీళ్లు కదలక, ట్యాంకర్లతో తోడి మోసుకుపోవాల్సి వచ్చింది. వానను లారీల్లో ఎత్తి పారబోయడం నేను మరే ఊళ్లోనూ చూడలేదు. ఆ తర్వాత దుబాయ్‌లో ‘తస్రీఫ్’ పేరుతో 3,000 కోట్ల దిర్హముల వాననీటి పథకం ప్రకటించారు. 2033కి పూర్తవుతుందట. అది దుబాయ్‌ది, మీది షార్జా, 2033కి చాలా దూరం ఉంది. కనుక మీ బిల్డింగు సంగతి మీరే చూసుకోవాలి.

మీరు మూడు రోజులు పడిన బాధ ఆరో అంతస్తు బాధ. వరద అనగానే అందరూ కింద ఇంటివాళ్లను తలుచుకుంటారు. పైవాళ్లకు వచ్చే కష్టం వేరు: కిటికీలోంచి చూస్తే చెరువు, కుళాయి తిప్పితే చుక్క లేదు. కరెంటు గది, మోటారు సాధారణంగా కిందే ఉంటాయి. అక్కడికి నీళ్లు చేరితే కరెంటు ఆపక తప్పదు, కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే మీ ట్యాంకు ఆ పూటతో సరి. తాగే నీళ్లు ఎలాగూ కొంటాం. మనిషిని విసిగించేది బాత్‌రూమ్ నీళ్లే. హెచ్చరిక వచ్చిన వెంటనే, వాన కంటే ముందు, ఇంట్లో ఉన్న ప్రతి బకెట్టూ టబ్బూ నింపి పెట్టండి. ఆ రోజు మా ఎదురింటి పెద్దాయన చెత్తబుట్టలు కడిగి వాటినిండా నీళ్లు పట్టి ఉంచితే మేమంతా నవ్వాం. మర్నాడు ఆయన తలుపు దగ్గరే వరుస కట్టాం.

లిఫ్టు మాట మరవకండి. కింద నీళ్లు చేరుతున్నాయని తెలిసిన క్షణం నుంచి లిఫ్టు ఎక్కకూడదు, బాబునీ ఎక్కనివ్వకూడదు. లిఫ్టు ఆగిందంటే పై అంతస్తుల్లో కదలలేని పెద్దవాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, పురిటి నెలలు నిండినవాళ్లు ఎవరున్నారో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. మామూలుగా అది తెలిసేది బిల్డింగు కాపలా చూసే నాతూర్‌కే. ఆయన నంబరు మీ దగ్గర ఉందా? మా బిల్డింగులో పన్నెండేళ్లుగా ఉన్నవాళ్లకు కూడా ఆయన పేరు తెలియదని ఆ వారంలో బయటపడింది. ఇన్ని భాషల వాళ్లం ఒకే మెట్ల మీద నిత్యం ఎదురుపడి తల ఊపుకోవడం తప్ప మాట్లాడుకోం. ఆ మూడు రోజుల్లో మా రెండో అంతస్తు వాళ్లు బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దింపితే, బకాలా (కిరాణా కొట్టు) కుర్రాడు మోకాటి లోతు నీళ్లలో నిలబడి అందులో ఖుబూస్ రొట్టెలు, పాలు పెట్టి పంపాడు. ఆ బుట్ట ఎవరి వాటా ఎంతన్నది చూసుకోకుండా నాలుగు అంతస్తులకూ తిరిగింది. కనీసం మీ అంతస్తులో ఉన్నవాళ్ల నంబర్లయినా ఈ వారం తీసుకోండి.

నిలిచిన నీళ్లలో దిగితే ఒళ్లు, కాళ్లు సబ్బుతో కడుక్కోవాలి, పుండ్లు ఉంటే అసలు దిగకూడదు. ఆ నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది. తర్వాత దోమల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

కారు గురించి కూడా క్లుప్తంగా చెప్పేస్తాను. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకూడదు. ఇంజను గాలినైతే నొక్కగలదు, నీటిని నొక్కలేదు, లోపల కడ్డీలు వంగిపోతాయి. దాంతో చిన్న రిపేరుతో పోయేది ఇంజను మార్చేదాకా వెళ్తుంది, ఇన్సూరెన్సు వాళ్లకూ కాదనడానికి ఒక సాకు దొరుకుతుంది. ఫొటోలు తీసుకుని పోలీసుల దగ్గర నష్టం ధ్రువపత్రం తీసుకోవాలి. ఈసారి కొన్న బండికి కాంప్రహెన్సివ్ పాలసీ తీసుకుని, అందులో వరద, ప్రకృతి వైపరీత్యాలు ఉన్నాయో లేదో ఆ కాగితంలోనే వెతకండి. ఏజెంటు తల ఊపితే సరిపోదు.

ఇక మీవారు. ఆయన ధైర్యంగా ఉన్నారని మీరనుకుంటున్నారు, ఆయనా అనుకుంటున్నారు. నాకలా కనిపించడం లేదు. ‘75 ఏళ్లు’ అన్నది ఆయన రోజూ వేసుకునే మాత్ర. అది మింగితేనే పొద్దున్నే ఆ రోడ్డు మీద ఆఫీసుకు వెళ్లగలుగుతున్నారు. నేను పైన చెప్పిన లెక్క తీసుకెళ్లి వాదనలో ఆయన మొహం మీద విసరకండి, మాత్ర లాక్కున్నట్టవుతుంది. ఇంకొకటి చేయండి. ఎండగా ఉన్న ఒక సెలవు రోజు పొద్దున, ‘ఆ పెట్రోలు బంకు ఏదో నాకు చూపిస్తారా?’ అని అడగండి. బాబుని ఎవరింట్లోనైనా వదిలి వెళ్లండి. చేతులు స్టీరింగు మీద, కళ్లు రోడ్డు మీద ఉన్నప్పుడు మగవాళ్లకు మాటలు కాస్త సులువుగా వస్తాయని ముప్పై ఏళ్ల కాపురంలో నేను గమనించాను. కారు ఎక్కడ ఆగింది, ఎవరు తోశారు, రాత్రి ఏం తిన్నారు, పక్కన ఎవరు కూర్చున్నారు, ఇవి అడగండి. ‘ఎలా అనిపించింది’ అని అడగకండి. ఆయన చెప్పకపోయినా నష్టం లేదు, టీ తాగి వచ్చేయండి. మళ్లీ ఒకసారి వెళ్లండి.

అక్కడ వీలైతే మీ మాట ఒకటి చెప్పేయండి: ‘నేను అన్నిసార్లు పిలవకుండా ఉండాల్సింది.’ మీ తప్పు ఒప్పుకోమని నేను తీర్పు ఇవ్వడం లేదు. ఆ రోజు లక్షల ఇళ్లలో అదే మాట అన్నారు, ఎవరికీ అంతకంటే తెలియదు. కానీ చెప్పకపోతే అది ‘ఇండియా వెళ్లిపోతాను’ అన్న మారువేషంలో బయటకు వస్తూనే ఉంటుంది. ఆయనా ఒకటి దాచుకున్నారేమో. మీరు పిలిచినా పిలవకపోయినా ఆయన బయల్దేరేవారేమో. అది ఆయన నోటి నుంచి వింటే ఆ పదకొండు అంకె కొంత తేలికవుతుంది.

బాబు సంగతి. మీ ఇంట్లో ముగ్గురిలో సరిగ్గా ఉన్నది వాడొక్కడే అని నాకనిపించింది! మీరు కిటికీ దగ్గర నిలబడుతున్నారు, ఆయన మబ్బే లేదంటున్నారు, వాడు మాత్రం తనకు విలువైనవాటిని ఎత్తున పెట్టి, పని ముగించి నిద్రపోతున్నాడు. నిద్రపోతున్నాడు కదా? మీరు రాయలేదు. నిద్రపోతూ, తింటూ, బడికి వెళ్తూ ఉంటే ఆ అలవాటును మానిపించకండి, నవ్వకండి, చుట్టాలకు కథలా చెప్పకండి. మంచం మీద కుర్చీ వేయడం మాత్రం ప్రమాదం, మీరే అందించండి. వాడికి ఇంకో పని కూడా అప్పగించండి: పాస్‌పోర్టులు, బడి సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు నీళ్లు చొరని ఒక సంచిలో పెట్టి, అదీ ఆ బీరువా మీదే వాడి బొమ్మల పక్కన ఉంచమనండి. బకెట్లు నింపేటప్పుడు కుళాయి కట్టేసే పని వాడిది. భయానికి పని దొరికితే అది ఒక మూల కూర్చుంటుంది, పిల్లలకైనా పెద్దలకైనా. అలా కాకుండా రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం, స్నానానికి నీళ్లంటే ఏడవడం, మిమ్మల్ని గదిలోంచి కదలనివ్వకపోవడం ఉంటే పిల్లల మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి.

అదే మాట మీకూ. మబ్బు పట్టిన రాత్రి ఒకటీ అరా నిద్ర పట్టకపోవడం వేరు. మామూలు రోజుల్లో కూడా గుండె దడ, ఆ దృశ్యాలే పదేపదే కళ్లముందుకు రావడం, ఆ దారి తప్పించుకుని తిరగడం ఉన్నాయా? అలాంటివి నెల దాటి ఉంటే వైద్యం అవసరమని అర్థం. మీకు రెండేళ్లు గడిచాయి, ఇంకా ఆలస్యం చేయవద్దు. పిరికితనానికి మందు లేదేమో గానీ దీనికి మాత్రం మంచి చికిత్స ఉంది.

చివరికి లీజు. భయంతో ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్లవద్దని నా సలహా. ఆ వరద రాకముందు కూడా మీకు వెళ్లిపోవాలనే ఉండేదా? ఉంటే అది వేరే ప్రశ్న, ఇంకో ఉత్తరం రాయండి. లేదంటే ముందు బిల్డింగును పరీక్షించండి. కిందకు దిగి గోడలు చూడండి, రంగు వేసినా నీటి గీత ఎక్కడో ఒకచోట, మెట్ల కిందో మీటరు పెట్టెల వెనకో, ఇంకా కనబడుతుంది. ఆ గీత కరెంటు గది గుమ్మం కంటే ఎత్తున ఉందా, కింద ఉందా? ఆ తర్వాత యజమాని గుమ్మం ఎత్తు పెంచాడా, మోటారును పైకి మార్చాడా, నీళ్లు తోడే పంపు కొన్నాడా, జనరేటరు ఉంటే అది బేస్‌మెంట్లోనే ఉందా? ఇవన్నీ నాతూర్‌ని అడగండి, యజమాని మనిషి కంటే నిజం చెబుతాడు. ఏమీ మారలేదని తేలితే లీజు రాయించుకోకండి, అదే షార్జాలో కాస్త ఎత్తు ప్రాంతంలో ఇంకో ఇల్లు చూసుకోండి. బ్రోకరు చూపించినప్పుడు ‘2024 ఏప్రిల్‌లో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి?’ అని అడిగి, అతను జవాబు చెప్పేలోపు పక్కనున్న బకాలాలోకి వెళ్లి అదే ప్రశ్న వేయండి. కొట్టువాడు చెయ్యి తన మోకాటి దగ్గర పెట్టి చూపిస్తాడో, ఛాతీ దగ్గర పెట్టి చూపిస్తాడో చూసి అప్పుడు అద్దె మాట్లాడండి.